‘భ’ పుస్తకాలు, ‘హ’ పుస్తకాలు

ఒక ఊరి ఆడవాళ్ళందరి చేతా కార్తీకమాసం పొడుగునా ఒక దయ్యానికి కొబ్బరికాయలు కొట్టించిన ఘనుడు ఈ జిల్లాలో ఎవడైనా ఉన్నాడా అని మీరడిగితే, ఉన్నాడు. ఈ వ్యాసం రాస్తున్నది వాడే. ఇంత అప్రతిష్ఠ మూటగట్టుకుని కూడా డెబ్బై దాటి బతికి ఉన్నానంటే, అది నా ఆయుర్దాయం గొప్పదనం కాదు, మా ఊరి ఆడవాళ్ళ గొప్పదనం. ఆ సంగతి చివర్లో తెలుస్తుంది. ఇప్పుడే తెలుసుకోవాలని పేజీలు తిప్పకండి. పుస్తకం చివరి పేజీ ముందు చదివేవాళ్ళంటే నాకు అప్పుడూ పడేది కాదు, ఇప్పుడూ పడదు.

ఈమధ్య ఏ పత్రిక తీసినా, వానలు వెనక్కి తగ్గి చలి గాలి మొదలవగానే ఒక జాబితా వేస్తున్నారు. ఈ చలికి ఒళ్ళు జలదరించే పుస్తకాలు ఇవి, దుప్పటి కప్పుకుని హాయిగా చదువుకునే పుస్తకాలు ఇవి అని. ఆ జాబితాలు రాసే పిల్లలు ఆ ఆలోచన తమకే మొదట వచ్చినట్టు రాస్తారు. అయ్యా, అమ్మా, ఈ ఆలోచన నాకు పందొమ్మిది వందల ఎనభైల్లోనే వచ్చింది. దాని ఫలితం కూడా నేను అనుభవించాను. కాబట్టి కొంచెం మర్యాదగా వినండి.

మా ఊరు తునికిగూడెం. పాల్వంచ దాటి భద్రాచలం దారిలో అడవి మొదలయ్యే చోట ఉంటుంది. పక్కనే పాల్వంచలో కరెంటు పుట్టేది. మా ఊరికి మాత్రం చుట్టపుచూపుగా వచ్చి, మంచినీళ్ళు కూడా ముట్టకుండా పోయేది. ఎండాకాలం నేను తునికాకు కల్లంలో కట్టలు లెక్కపెట్టేవాడిని. మిగతా తొమ్మిది నెలలూ చదివేవాడిని. నా బడి చదువు నాలుగో తరగతి. తక్కిన చదువంతా పల్లీల పొట్లాలు విప్పి, కాగితం సాపు చేసి చదువుకున్నదే. అందుకే నాకు చాలా కథల మొదలు తెలుసు, చాలా కథల చివరలు తెలుసు, ఒకే కథవి రెండూ తెలిసినవి తక్కువ.

ఊళ్ళో పఠనమందిరం అని ఒక గది ఉండేది. చూసుకునే మనిషి లేక, అందులో బల్లులే సభ్యులుగా ఉండేవి. దాని తాళం చెవి నాకు ఇవ్వాలా వద్దా అని పంచాయతీలో మాట వచ్చినప్పుడు, బడి పెద్దమాస్టారు అందరి ముందూ, "నాలుగో తరగతి వాడికి లైబ్రరీ ఇవ్వడమంటే కోతికి కొబ్బరికాయ ఇవ్వడమే" అన్నాడు. ఆ రోజు ఆయన ఏ రంగు చొక్కా వేసుకున్నాడో కూడా నాకు గుర్తుంది. నీరుకావి రంగు, ఎడమ జేబు కింద సిరా మరక.

తాళం చెవి ఇప్పించింది రాఘవరావు గారు. ఆయనది తండ్రి కాలంలో కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ నల్లరేగడి కొని స్థిరపడిన రైతు కుటుంబం. పఠనమందిరం గది ఆయన సొంతం. పెద్దమనిషే, కానీ ఆ ఏడు ఆయన చేలో పత్తి విరగకాసింది.

"చూడు సాంబయ్యా," అన్నాడు నన్ను పిలిచి. "నాకు పత్తి పోసుకోవడానికి గది కావాలి. ఊరికే ఖాళీగా ఉంచి బల్లుల్ని మేపలేను. కార్తీకం వెళ్ళేలోపు ఊళ్ళో జనం పుస్తకాలు తీసుకెళ్ళి చదువుతున్నారని నాకు కనపడాలి. కనపడితే గది నీది. లేదంటే పుస్తకాలు కట్టగట్టి పాల్వంచ పంపించేస్తాను. ఏమంటావ్?"

"చదువుతరండి," అన్నాను.

"ఇంకొకటి. బయట షాపుల్లో వేలాడదీసే పుస్తకాల మీద ఆ పుర్రెలు, ఆ సగం సగం చీరలు ఉంటాయి చూడు. అలాంటి అట్టలు మా ఆడవాళ్ళ కంటపడకూడదు."

"పడవండి," అన్నాను. ఆ మాటే నా మెడకు చుట్టుకుంటుందని నాకేం తెలుసు.

నేను గోనెసంచి పట్టుకుని ఖమ్మం బస్సెక్కాను. అక్కడ పాత కాగితాల దుకాణంలో పుస్తకాల గుట్ట ముందు నిలబడి ఎంపిక మొదలుపెట్టాను. నా సిద్ధాంతం మీకు చెప్పాలి. చలికి మందులు రెండే రెండు. ఒకటి వణుకును వణుకుతోనే కొట్టడం, అంటే దయ్యాల కథ. రెండోది వణుకును కప్పేయడం, అంటే నాయనమ్మలు, వంటిళ్ళు, వాన, వేడి వేడి జావ ఉండే కథ. మధ్యరకం పుస్తకాలు చలికాలానికి పనికిరావు, వాటిని ఎండాకాలం విసనకర్రగా వాడుకోవాలి. ఏది ఏ రకమో తేల్చడానికి నేను ప్రతి పుస్తకంలో ఇరవయ్యో పేజీ తీశాను. ఆ పేజీలో ఎవరైనా అరిస్తే అది మొదటి రకం. ఎవరైనా ఏదైనా తింటే రెండో రకం. అరుస్తూ తింటే పక్కన పెట్టాను.

ఊరికొచ్చి అన్నిటికీ సిమెంటు సంచుల కాగితంతో అట్టలు వేశాను. పుర్రెలు, చీరలు అన్నీ లోపలికి పోయాయి. పుస్తకం పేరుండే మొదటి పేజీ మీద నేను స్వయంగా రాసిన నిబంధనల కాగితం అంటించాను. "పుస్తకము నందు తమలపాకు ఉమ్మరాదు. పేజీలు మడవరాదు. పసిపిల్లల కిందికి వేయరాదు." మొత్తం పదకొండు నిబంధనలు. కాబట్టి ఏ పుస్తకం పేరు ఏమిటో భూమ్మీద నాకు తప్ప ఎవరికీ తెలియదు.

ఇక గుర్తు పెట్టాలి గదా. ఖమ్మంలో పెద్ద గ్రంథాలయంలో పుస్తకాల వీపుల మీద ఏవో అంకెలు ఉండటం నేను చూశాను. అంకెలు చదువుకున్నవాళ్ళు పెట్టుకోనీ, నేను అక్షరాలు పెడతాను అనుకున్నాను. భయపెట్టే పుస్తకాల మీద పెద్దగా, నల్లగా ‘భ’ అని రాశాను. హాయిగా ఉండేవాటి మీద ‘హ’ అని రాశాను. ‘హా’ అని దీర్ఘం పెడితే లోపల ఎవరో ఏడుస్తున్నట్టు ఉంటుందని దీర్ఘం తీసేశాను. రెండు అల్మారాలు. ఒకటి భ, ఒకటి హ. దూరంగా నిలబడి చూసుకుంటే నాకే కన్నీళ్ళొచ్చాయి. పెద్దమాస్టారు వచ్చి చూస్తే బాగుండుననిపించింది. ఆయన రాలేదు.

దీపావళి నాడు మొదటి పాఠకురాలు వచ్చింది. మంగమ్మత్త. వరసకు అత్త. వాడకట్టు ఆడవాళ్ళందరికీ ఆమే నాయకురాలు. ఆమె పిలిస్తే ముప్పై మంది వస్తారు, ఆమె చూస్తే ముప్పై మంది పోతారు. చెప్పులు బయట విడిచి, అల్మారాలు రెండూ చూసి, భ ముందు ఆగి, చేతులు జోడించింది. పుస్తకాలంటే ఇంత గౌరవం ఉన్న మనిషి మా ఊళ్ళో ఉందని నాకు అప్పటిదాకా తెలియదు.

"అల్లుడా, గా భ లకెల్లి ఒకటి ఇయ్యి. పెద్దది జూసి ఇయ్యి."

"మొదటిసారే పెద్దదెందుకత్తా? చిన్నదాంతోని మొదలువెట్టు. అలవాటైనంక పెద్దది తీస్కపోదువు."

"నాకు అలవాటు లేదా? నువ్వు పుట్టకముందు సంది అలవాటే."

నేను ఆమె వైపు కొత్తగా చూశాను. ఇన్నేళ్ళుగా దయ్యాలతో ఈమెకు పరిచయం ఉందన్నమాట.

"సరే గని, ఒక్కదానివి సదవకత్తా. పక్కన మనుషులుండాలె."

"ఒక్కదాన్ని ఎందుకు సదువుత? వాడకట్టోళ్ళందరం మా అరుగు మీద కూసుంటం. మా కోడలు సుజాత పది సదివింది, అది సదువుతది, మేం వింటం."

"దీపం పెట్టుకోండ్రి మరి."

"దీపం లేకుంట ఎట్ల రా?"

"నడుమల ఎవరన్న కేక పెడితే, మిగిలినోళ్ళు ధైర్యం చెప్పాలె."

"కేకలెందుకు పెడ్తరు, గోవింద కొడ్తరు."

అవును, భయం వేసినప్పుడు దేవుణ్ణి తలుచుకోవడం మంచిదే గదా అనుకున్నాను.

"తలకు పోసుకొనే ముట్టుకుంటం లే, నువ్వు ఫికర్ జెయ్యకు," అంది.

ఇది నాకు అర్థం కాలేదు. దయ్యాల కథకు తలస్నానం దేనికి? కొంచెం ఆలోచిస్తే తట్టింది. ముందే చన్నీళ్ళు పోసుకుంటే వణుకు సగం సిద్ధంగా ఉంటుంది. దాని మీద కథ వణుకు చేరితే రెట్టింపు. ఇన్నేళ్ళ అనుభవం ఊరికే పోతుందా అని లోపల లోపల నమస్కారం పెట్టాను.

"ఎన్ని అధ్యాయాలున్నయ్?"

"ముప్పై."

"దినానికొకటి. అచ్చం సరిపోయె," అని పుస్తకాన్ని కళ్ళకద్దుకుని, కొంగులో కప్పుకుని వెళ్ళింది. నేనిచ్చింది మామూలు పుస్తకం కాదు. అడవి బంగళా, ఆ బంగళా వెనక బావి, ఆ బావిలో తోసి చంపబడ్డ నళిని అనే పిల్ల, ఆ పిల్ల చెయ్యి రోజూ బావిలోంచి పైకి రావడం. పఠనమందిరం గుమ్మంలో పట్టపగలు చదివి కూడా నేను రెండు రోజులు మా బావిలో చేద వేయలేదు.

ఆ సాయంత్రమే రెండో పాఠకుడు వచ్చాడు. ఓదెలన్న. బొగ్గుబావుల మీద పుట్టి పెరిగి, పాల్వంచ కరెంటు కేంద్రంలో షిఫ్టు పనికి వస్తూ మా ఊళ్ళో కిరాయికి ఉండేవాడు. మనిషి భారీ, గొంతు ఇంకా భారీ. అతను భ వైపు చూడనే లేదు.

"తమ్మీ, గా హ మంచిగుంటదా?"

"మంచిగుంటది అన్నా."

"లోపల ఒక్కటేనా, శానా ఉంటయా?"

"శానా ఉంటయ్. పేజీ పేజీకి ఉంటది."

అతని కళ్ళు వెలిగాయి. "పేజీకొకటా? ఇంట్ల జరుగుతదా, బయట జరుగుతదా?"

"ఇంట్లనే. ఎక్కువ వంటింట్లనే."

"కత్తిపీటతోనా?"

"కత్తిపీట ఉంటది, రోలు ఉంటది, పొత్రం ఉంటది."

"పొత్రంతోని గూడనా," అని ఓదెలన్న పుస్తకాన్ని రెండు చేతులా అందుకున్నాడు. ఇంత పెద్ద మనిషికి వంటింటి మీద ఇంత మక్కువ ఉందేమిటా అని ముచ్చటపడ్డాను.

వారం గడిచింది. పుస్తకాలు జోరుగా పోతున్నాయి. భ అయితే ముసలివాళ్ళు కూడా అడుగుతున్నారు. రాఘవరావు గారు దారిలో ఆపి, "మా ఆవిడ కూడా మంగమ్మ అరుగు మీదకు వెళ్తోందయ్యా. వంట అయ్యీ అవ్వకముందే చెప్పులేసుకుంటోంది. ఏం పుస్తకమో గానీ మంచి పని చేశావు," అన్నాడు. ఆయన భార్య కమలమ్మ గారు సోమవారం నక్షత్రాలు చూసేదాకా పచ్చి మంచినీళ్ళు ముట్టని మనిషి. అటువంటామె కూడా దయ్యాల కథకు వస్తోందంటే నా ఎంపికకు అంతకన్నా ఏం కావాలి. ఇల్లు అలకగానే పండగ కాదంటారు. నేను మాత్రం చీపురు పట్టుకోగానే పిండివంటలు తినేశాను.

ఎనిమిదో రోజు పొద్దుగూకే వేళ ఓదెలన్న వచ్చాడు. పుస్తకాన్ని బల్ల మీద పెట్టాడు. కూర్చోలేదు.

"తమ్మీ, పేజీకొకటి అంటివి. నూట ఎనభై పేజీలు. ఒక్కటి సూపియ్యి."

"ఏందన్నా?"

"ముసలామె కత్తిపీట ముందర కూసోని మామిడికాయ కోస్తది. అల్లుడు ఎన్కనుంచి సప్పుడు గాకుంట వస్తడు. ఇగ అయిపోయింది అనుకున్న. వాడు వచ్చి, అత్తా ఒక ముక్క పెట్టు అంటడు. పెట్టింది. తిన్నడు. సరే, ఇషం కలిపిందేమో అని సూసిన. ఉప్పు సాలలే అన్నడు. ఉప్పు సాలలే అన్నందుకైనా సంపుతది గదా అనుకున్న."

"సంపలేదా?"

"ఇంకింత ఉప్పేసింది. ఆఖరి పేజీ దాక సూసిన. పచ్చడి జాడీలకెత్తి ఊరందరికి పంచింది. అందరు తిన్నరు. ఒక్కడు సావలే."

"ఎందుకు సావాలె అన్నా?"

"హ అంటే హత్య గాదా?"

"హ అంటే హాయి అన్నా."

ఓదెలన్న కళ్ళెర్ర చేసి నన్ను చూశాడు. బాయిలర్‌లో బొగ్గు వేసేటప్పుడు కూడా అంత వేడిగా చూసి ఉండడు. "గంత పెద్ద హ రాసినోనివి, పక్కన యి గూడ రాస్తే నీ చెయ్యి అరుగుతుండెనా?" అని గుమ్మం దాకా పోయి, వెనక్కి తిరిగాడు. "భ అంటేనన్న భక్తియేనా, అది గూడ గిట్లనేనా?"

భక్తి.

లైబ్రేరియన్‌కు తేలు కుట్టింది. అరవడానికి లేదు. భద్రాచలం బాటన ఉన్న ఊరు. పొద్దున లేస్తే భజన. భక్తులు కావడులు ఎత్తుకుని మా రోడ్డు మీదుగానే నడుస్తారు. ఆ చుట్టుపక్కల ఇరవై మైళ్ళలో భ అనే అక్షరం చూసి భయం అనుకునేవాడు నేనొక్కడినే. దాని మీద, వచ్చింది కార్తీకం. రోజుకొక అధ్యాయం చొప్పున పురాణం చదువుకోవడం మంగమ్మత్త వాడకట్టు ఆచారం. వాళ్ళ పాత పుస్తకానికి వానల్లో చెద పట్టిందని తరవాత తెలిసింది. చేతులు జోడించడం, తలస్నానం, గోవింద, ముప్పై అధ్యాయాలు, అన్నీ ఒక్కసారిగా నా నెత్తిన రాళ్ళలా పడ్డాయి. సోమవారం ఉపవాసం ఉన్న ఆడవాళ్ళు ఖాళీ కడుపుతో బావి దయ్యాన్ని పారాయణం చేస్తున్నారు. ఈ సంగతి బయటపడితే, నాలుగో తరగతి వాడు కార్తీకాన్ని మైలపరిచాడంటారు. గది పత్తి పాలవుతుంది. పెద్దమాస్టారు ఇంకో చొక్కా వేసుకుని మరీ వచ్చి నవ్వుతాడు.

నేను ఒక నిజమైన భక్తి పుస్తకం కోసం అల్మారాలు రెండూ వెతికాను. ఒక్కటి లేదు. చివరికి గది మూల పాత పుస్తకాలు పడేసి ఉన్న చెక్కపెట్టె అడుగున దేవతా స్తోత్రాల పుస్తకం ఒకటి దొరికితే, చొక్కాలో దోపుకుని పరిగెత్తాను. ఎలాగైనా మార్చేయాలి.

మంగమ్మత్త ఇంటి ముందు ఆమె భర్త, నాకు వరసకు మామ, చుట్ట కాలుస్తూ కూర్చున్నాడు. లోపలి అరుగు మీద ప్రమిదలు వెలుగుతున్నాయి. మధ్యలో పీట, పీట మీద పసుపు రాసిన నా సిమెంటు కాగితం పుస్తకం. నల్లటి భ మీద కుంకుమ బొట్టు. ముందు కొబ్బరి చిప్పలు, అటుకులు, బెల్లం. సుజాత చదువుతోంది. చదవడం కూడా మామూలుగా కాదు, పురాణం రాగంలో సాగదీసి చదువుతోంది.

"అంతట, ఆ బావిలో నుండి, ఒక తెల్లని హస్తము, పైకి లేచె...ను."

"గోవిందా గోవింద," అన్నారు ముప్పై మంది.

"రాజు రథము దిగి... ధూమపానము చేయుచు... బావిలోకి తొంగి చూచె...ను."

నేను తెల్లబోయాను. నేను చదివినప్పుడు వాడు దొర. దిగింది జీపు. తాగింది సిగరెట్. భక్తి ముదిరితే జీపు రథంలా కనపడుతుంది కాబోలు అనుకున్నాను. నా పాపం ఎంత లోతుకు పోయిందో చూడండి, పెట్రోలుతో నడిచే బండి కూడా గుర్రాలు పూన్చుకుంది.

"అత్తా," అన్నాను గుమ్మం దగ్గర నిలబడి. "గా పుస్తకం ఇటియ్యి. దాంట్ల అచ్చుతప్పులున్నయ్. ఇంకో మంచిది తెచ్చిన."

ముప్పై తలలు నా వైపు తిరిగాయి. కమలమ్మ గారి తల అన్నిటికంటే ముందు తిరిగింది.

"పారాయణం నడుమల ఆపుతరా రా ఎవరన్న?" అంది మంగమ్మత్త.

"తప్పులతోని సదివితే పాపం గదా అత్తా."

"ఆపితే ఇంకింత పాపం. నువ్వు పో. ప్రసాదం తీస్కొని పో."

అరచేతిలో దయ్యానికి నైవేద్యం పెట్టిన అటుకులతో బయటికొచ్చాను. మామ చుట్ట తీసి, "మంచి పురాణం తెచ్చినవ్ అల్లుడా," అన్నాడు. "మా ఇంటిది గింత శ్రద్ధగ ఎన్నడు ఇనలే. నిన్న కూర మాడి వాసనొస్తున్నా లేవలే. మామూలుగైతే నేను ఇంత ఆలస్యం ఊకోను. దేవుని పని గదా అని నోరు మూసుకున్న."

ఆ తరవాతి మూడు వారాలు నేనెలా గడిపానో అడగకండి. రోజూ సాయంత్రం మామ పక్కన కూర్చునేవాడిని. ప్రతి గోవిందకూ నా గుండె ఒక మెట్టు కిందికి దిగేది. పదిహేనో అధ్యాయంలో నళిని వంటవాడి కాలు పట్టి లాగుతుంది. ఆ రోజు నేను చెవులు మూసుకున్నాను. లోపల మాత్రం ఎవరూ కేక పెట్టలేదు. పైగా పీట పక్కన ఇంకో చిన్న ప్రమిద కొత్తగా కనిపించింది. "అదెవరి పేరనత్తా?" అంటే, "గా పిల్లకు. పాపం, పెండ్లి గాకముందే బావిల తోసిండ్రు. దానికి దీపం పెట్టెటోళ్ళు ఎవరున్నరు?" అంది. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. దయ్యానికి దీపం పెట్టే వాడకట్టును నేను పుస్తకాల్లో కూడా చదవలేదు.

కార్తీకం చివరి రోజు వచ్చింది. అమావాస్య. ముప్పయ్యో అధ్యాయం. పారాయణం ముగింపుకు పెద్దమనిషి ఉండాలని రాఘవరావు గారిని పిలిచారు. ఆయన తెల్లటి పంచె కట్టుకుని, కుర్చీ వేయించుకుని, చేతులు జోడించి కూర్చున్నాడు. ఆ రోజుతో నా గడువు కూడా సరి. ఆయన పత్తి బండ్లు చేలో సిద్ధంగా ఉన్నాయని పొద్దునే విన్నాను. నేను గుమ్మం పక్కన గోడకు బల్లిలా అతుక్కున్నాను.

సుజాత రాగాన్ని తొందర తొందరగా లాగేస్తోంది. కథ అటువంటి చోటుకు వచ్చింది. నళినిని చంపినవాడు పారిపోతున్నాడు, వాడి వెనక ఆ చెయ్యి వస్తోంది.

"రాజు... రథము నెక్కి... అడవి మార్గమున... అతివేగముగ పోవుచుండె...ను."

"గోవిందా గోవింద," అన్నారు. రాఘవరావు గారు కూడా అన్నాడు.

"అప్పుడు," అంది సుజాత. ఊపిరి అందడం లేదు. రాగం తప్పింది. "అప్పుడు ఢామ్మని రథం టైరు పేలింది."

ప్రమిదల్లో వత్తులు చిటపటలాడటం వినిపించింది.

"ఏంటమ్మా?" అన్నాడు రాఘవరావు గారు, జోడించిన చేతులు విప్పకుండానే. "రథానికి టైరేంటి?"

సుజాత అత్త వైపు చూసింది. అత్త నా వైపు చూసింది. ఇక లాభం లేదు. నేను ముందుకొచ్చాను.

"తప్పంతా నాదండి. అది పురాణం కాదు. దయ్యం నవల. భ అంటే భక్తి అని వీళ్ళు అనుకున్నరు. నేను రాసింది భయం అని. పాపం వీళ్ళకేం తెల్వదు. నన్నేమన్నా అనండ్రి, గది తీస్కోండ్రి, వీళ్ళ నోము చెడగొట్టిన పాపం మాత్రం నాదే."

ఇంత గంభీరంగా నా జీవితంలో నేను మాట్లాడింది అదే మొదలు, అదే ఆఖరు. కళ్ళు మూసుకుని తిట్లకోసం ఎదురుచూశాను. తిట్లు రాలేదు. వెనక ఎవరో నవ్వు ఆపుకోలేక ముక్కుతో నవ్వారు.

"అల్లుడా," అంది మంగమ్మత్త. "మొదటి నాడే తెలిసింది రా."

"ఏంది?"

"మొదటి పేజీలనే దొర జీపు దిగి సిగరెట్ ముట్టిచ్చిండు. మా పురాణంల ఎవరు సిగరెట్ ముట్టియ్యరు. గంత తెల్వనోళ్ళం అనుకున్నవా?"

"మరి ఎందుకు సదివిండ్రు?"

"మంచిగున్నది, సదివినం."

"మరి గోవిందలు?"

"బయట మీ మామ చుట్ట గాలుస్తు కూసున్నడు గద. నవల సదువుతున్నం అంటే కూసోనిస్తడా? బువ్వకాడికి పిలుస్తడు, గొడ్డుకాడికి పిలుస్తడు. పురాణం అంటే ఎవ్వడు పిలువడు. అందుకే సుజాతకు చెప్పిన, జీపొస్తే రథమను, దొరొస్తే రాజను, సిగరెట్ వస్తే ధూపమో ధూమమో ఏదో ఒకటి అను అని. టైరొక్కటి మరిసిపోయినం."

బయట మామ చుట్ట కింద పడిన చప్పుడు నాకు స్పష్టంగా వినిపించింది.

రాఘవరావు గారు మెల్లగా భార్య వైపు తిరిగాడు. "కమలా, నీకు కూడా తెలుసా?"

"మీరు కాసేపు ఊరుకోండీ," అంది కమలమ్మ గారు. సోమవారం సోమవారం నక్షత్రాలు చూసి అన్నం తిన్న ఆ మహాసాధ్వి కళ్ళు సుజాత చేతిలో పుస్తకం మీదనే ఉన్నాయి. "ఇంక నాలుగు పేజీలే ఉన్నాయి. టైరు పేలింది. తరవాతేమైందో వినాలి. చదువమ్మా సుజాతా, ఇక జీపు అనే చదువు."

"పూజ పేరు చెప్పి..." అని ఆయన ఏదో అనబోయాడు.

"దీపం పెట్టాం, తలస్నానం చేశాం, దిక్కులేని పిల్ల కోసం దణ్ణం పెట్టాం. ఇందులో పూజ కానిదేదో మీరు చెప్పండి," అంది ఆమె.

ఆయన పంచె సర్దుకుని కుర్చీలో వెనక్కి వాలాడు. మీ దగ్గర జవాబు ఉంటే నాకు ఉత్తరం రాయండి. సుజాత రాగం వదిలేసి మామూలు గొంతుతో చదివింది. జీపు జీపులాగే ఆగింది. చెయ్యి చెయ్యిలాగే వచ్చింది. రెండో పేజీకి రాఘవరావు గారు కుర్చీ కొంచెం ముందుకు జరిపాడు. మూడో పేజీకి కాళ్ళు పైకి పెట్టుకున్నాడు. నాలుగో పేజీ అయ్యాక ఎవరూ గోవింద అనలేదు, ఆయనొక్కడే అన్నాడు.

అందరూ లేచారు. ఆయన వీధిగుమ్మం దాకా వచ్చి, బయట అమావాస్య చీకటి చూసి, ఆగాడు. కమలమ్మ గారు ఇంకా లోపలే నళిని గురించి వాదిస్తోంది.

"ఏమయ్యా సాంబయ్యా, మీ ఇల్లు మా దారిలోనేగా?"

మా ఇల్లు ఆయన ఇంటికి పూర్తిగా అవతలి దిక్కున ఉంది. "అవునండి," అన్నాను.

ఇద్దరం నడిచాం. పంచాయతీ బావి దగ్గరకు వచ్చేసరికి ఆయన నా భుజం పట్టుకున్నాడు. బావి దాటాక వదల్లేదు. వాకిట్లోకి చేరాక గొంతు సవరించుకుని, "పత్తి మిల్లు దగ్గర పోయిస్తాలే. గది నువ్వే ఉంచుకో. పెద్దమాస్టారు అడిగితే నేను చెబుతాను," అన్నాడు. తలుపు వేసుకోబోతూ మళ్ళీ తెరిచి, "అలాంటిది ఇంకొకటి ఉంటే మా ఆవిడకివ్వు. నేను కాదు, ఆవిడ చదువుతుంది," అన్నాడు.

మర్నాటి నుంచి ఆ గదికి బల్లులు రావడం మానేశాయి, వాటికి చోటు లేక. ఓదెలన్న కూడా వచ్చాడు. తల గోక్కుంటూ, "తమ్మీ, పచ్చడి ముసలామె అసొంటిదే ఇంకోటి ఇయ్యి. దినమంత బాయిలర్ కాడ సావుతనే ఉన్న. ఇంటికొచ్చి గూడ సావులెందుకు?" అన్నాడు. అతనికి రెండు ఇచ్చాను.

మధ్యాహ్నం మంగమ్మత్త వాడకట్టుతో సహా దిగింది. "కార్తీకం అయిపోయె. ఇగ హ ఇయ్యి," అంది.

నేను బుద్ధి తెచ్చుకున్నవాడిని. కలం తీసి ఆ పుస్తకం మీద హ పక్కన దీర్ఘం పెట్టి, యి రాయబోయాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"నువ్వు దాని మీద గీత గీసినవంటే ఊకోను. హ హ లెక్కనే ఉండనియ్యి. హ అంటే ఏందని ఇంట్ల అడిగితే, హరికథ అని చెప్పుకుంటం."

కనుక, తునికిగూడెం సాంబయ్య అనే నేను, నాలుగో తరగతి, ఇకమీదట ఏ పుస్తకం వీపు మీదా ఒంటి అక్షరం రాయనని, రాయవలసి వస్తే ఒత్తులతో, దీర్ఘాలతో, పొల్లు పోకుండా పూర్తి మాటే రాస్తానని, ఈ వ్యాసం చదివిన పెద్దలందరి సమక్షంలో ప్రమాణం చేస్తున్నాను. దీనికి మినహాయింపు ఒక్కటే. ఇంట్లో నిమ్మళంగా కూర్చుని పుస్తకం చదువుకోవడానికి సాకు కావలసిన ఇల్లాలు ఎవరైనా వస్తే, ఆమె ఏ అక్షరం అడిగితే ఆ అక్షరం రాసిస్తాను. అర్థం ఆమే చెప్పుకుంటుంది.